బాలనెరుపు: పాఠకుల ప్రశ్నలు, పిల్లల వైద్య సమాధానాలు

గత రెండు మూడు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఒకే బెంగ పదే పదే కనిపించింది. పదేళ్లయినా నిండని పిల్లల తలలో తెల్ల వెంట్రుకలు వస్తున్నాయని, ఏ నూనె రాయాలో, ఏ డాక్టరుకు చూపించాలో చెప్పమని హన్మకొండ, జగిత్యాల, నర్సంపేట, మహబూబాబాద్, కరీంనగర్ వైపుల నుంచి రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించాను. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేశాను.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. హన్మకొండలో ఉంటాం. ఉగాదికి ముందు తల దువ్వుతుంటే చెవి పైభాగాన నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించాయి. ఇప్పుడు ఇరవైకి పైగా ఉన్నాయి. మా ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. పాప పాలంటే మొఖం తిప్పుకుంటుంది. మా వారికి ఇరవై రెండేళ్లకే జుట్టు నెరవడం మొదలైంది. మా అత్తమ్మ మాత్రం ఇదంతా షాంపూ వల్లే అంటున్నారు. ఇది వంశంలో వచ్చిందా, ఏదైనా లోపమా? ఏ పరీక్షలు చేయించాలి? మళ్లీ నల్లబడతాయా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోనే సమాధానం సగం ఉంది. తండ్రికి చిన్న వయసులోనే నెరవడం, ఇంట్లో గుడ్డు కూడా లేకపోవడం, పాప పాలు తాగకపోవడం అనే మూడు సంగతులను మీరే గమనించి రాశారు. షాంపూను మాత్రం ఈ లెక్కలోంచి తీసివేయవచ్చు. షాంపూ గాఢమైతే వెంట్రుక పొడిబారవచ్చు, చిట్లవచ్చు, కానీ రంగు తయారయ్యే చోటుకు అది చేరదు.

ఆ చోటు ఏమిటో తెలిస్తే మిగిలిన విషయాలన్నీ సులువుగా అర్థమవుతాయి. మన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు నూలుకు ముందే రంగు అద్ది, ఆ తరువాతే మగ్గం మీదికి ఎక్కిస్తారు. వెంట్రుక సంగతి కూడా దాదాపు అంతే. చర్మం లోపల, వెంట్రుక కుదురు అడుగున, మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే రంగును తయారు చేసి, అప్పుడే పుట్టి పైకి పెరుగుతున్న వెంట్రుకకు అందిస్తాయి. ఆ రంగు అందకపోతే వెంట్రుక తెల్లగానే బయటికి వస్తుంది. ఒకసారి తెల్లగా బయటపడిన భాగం జీవం లేని పోగు వంటిది కనుక, పైన ఏది రాసినా, ఎంత మర్దన చేసినా, దానికి సహజమైన నలుపు మళ్లీ రాదు. కాబట్టి మనం చూడవలసింది బయటికి వచ్చిన పోగును కాదు, లోపల రంగు అద్దే పని ఎందుకు తగ్గిందన్న విషయాన్ని.

మన దేశంలో 25 ఏళ్ల లోపే జుట్టు నెరవడం మొదలైతే దాన్ని బాలనెరుపు అంటాం. ఐరోపా మూలాల వారిలో ఈ హద్దు 20 ఏళ్లు, ఆఫ్రికా మూలాల వారిలో 30 ఏళ్లు. ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దదే. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్న వయసులో నెరిసి ఉంటే పిల్లలకూ అలా జరిగే అవకాశం గట్టిగా ఉంటుంది. అయితే మీవారికి ఇరవై రెండో ఏట మొదలైనది పాపకు ఏడో ఏటనే మొదలైంది. పదిహేనేళ్ల ఈ తేడాను 'తండ్రి పోలిక' అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వంశం వైపు మొగ్గు ఉన్న పిల్లలకు పోషకాహార లోపం కూడా తోడైతే, నెరవడం మరింత ముందుకు జరగవచ్చు. వంశాన్ని మనం మార్చలేము. లోపాన్ని సరిచేయగలం, కాబట్టి ముందుగా దాన్నే వెతకాలి.

శాకాహార కుటుంబంలో, అందులోనూ పాలు తాగని బిడ్డలో, నేను అన్నిటికన్నా ముందు అనుమానించేది విటమిన్ బి12 లోపాన్ని. ఈ విటమిన్‌ను ఏ చెట్టూ, ఏ మొక్కా తయారు చేయదు. సూక్ష్మజీవులు తయారు చేస్తే, అది జంతువుల శరీరంలోకి చేరి, పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేపల ద్వారా మనకు అందుతుంది. ఎన్ని ఆకుకూరలు తిన్నా, ఎన్ని పప్పులు తిన్నా దీని లోటు తీరదు. పెద్దవారికి రోజుకు అవసరమైనది సుమారు 2 మైక్రోగ్రాములు, పిల్లలకు ఇంకా తక్కువ. పావు లీటరు పాలలో దాదాపు 1 మైక్రోగ్రాము ఉంటుంది. చూడడానికి చాలా చిన్న లెక్కే. కానీ పాలూ పెరుగూ గుడ్డూ ఏవీ లేని పళ్లెంలో ఆ చిన్న లెక్క కూడా పూర్తి కాదు. పెద్దవారి కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా బి12 నిల్వ ఉంటుంది కనుక లోపం బయటపడడానికి చాలా కాలం పడుతుంది. పిల్లల్లో ఆ నిల్వ తక్కువ. పైగా గర్భంలో ఉన్నప్పుడు, పాలు తాగే వయసులో, తల్లికే లోపం ఉంటే బిడ్డ ఆ లోటుతోనే ఎదగడం మొదలుపెడుతుంది. అందుకే మీ పాపతో పాటు మీరు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇది తప్పు మీ మీద మోపడానికి కాదు, ఇద్దరికీ ఒకే పళ్లెంలోంచి వచ్చిన లోటు అయి ఉండవచ్చని మాత్రమే.

ఈ రోజే వెలుతురులో కూర్చోబెట్టి పాప చేతి వేళ్ల కణుపులను చూడండి. బి12 లోపంలో ఒక విచిత్రం ఉంది: జుట్టు రంగు తగ్గుతూ ఉంటే, వేళ్ల కణుపుల మీద, ఒక్కోసారి అరచేతుల్లో, చర్మం నల్లబడుతుంది. తల్లులు దాన్ని మురికి అనుకుని రుద్దుతూ ఉంటారు. నాలుక మీది గరుకుదనం పోయి నున్నగా, ఎర్రగా కనిపించడం, ఆటల్లో త్వరగా అలసిపోవడం, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పడం కూడా చూడవలసినవే. థైరాయిడ్ గ్రంథి మందగించినా జుట్టు నెరవవచ్చు. అలాంటి పిల్లలు తోటివారి కన్నా పొడవు పెరగరు, మలబద్ధకంతో బాధపడతారు, చురుకుదనం తగ్గుతుంది, చదువులో వెనకబడతారు. ఇనుము, రాగి లోపాలను కూడా ఈ జాబితాలో చేర్చాలి. మెలనిన్ తయారీలో పనిచేసే టైరోసినేజ్ అనే ఎంజైముకు రాగి తప్పనిసరి.

పరీక్షల విషయానికి వస్తే పూర్తి రక్తకణాల లెక్క, రక్తపు స్మియర్ (రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూడడం), బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరును చెప్పేది) చాలు. వెంట్రుకలను లాబొరేటరీకి పంపి ఖనిజాలు కొలిపించే ప్యాకేజీల మీద డబ్బు ఖర్చు పెట్టవద్దు. ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది కనుక పాప ఆరోగ్యంగా ఉన్న రోజునే రక్తం ఇప్పించండి. బి12 లోపంలో ఎర్రకణాలు పెద్దవవుతాయి, ఇనుము లోపంలో చిన్నవవుతాయి. రెండూ కలిసి ఉన్న బిడ్డలో సగటు పరిమాణం మామూలుగానే కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి రక్తకణాల లెక్క బాగుందని బి12 పరీక్షను మానేయకూడదు. ఈ పరీక్షల కోసం మొదట మీకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. చాలా రక్త పరీక్షలు అక్కడ ఉచితంగానే జరుగుతాయి.

పరీక్షకు ముందే మందుల దుకాణంలో 'రక్తం పట్టే టానిక్' కొని తాగించడం మన దగ్గర మామూలు. దయచేసి అలా చేయవద్దు. ఆ టానిక్కులలో సాధారణంగా ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాని ప్రయోగశాల తయారీకి 1940లలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో నాయకత్వం వహించినవారు మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు గారే. రక్తహీనతతో బాధపడే ఎందరికో అది ప్రాణం పోసింది. అయితే బి12 లోపం ఉన్న శరీరానికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం ఆగదు. బిడ్డ మొఖం ఎర్రబడిందని ఇంటిల్లిపాదీ సంతోషించే సమయంలో ఆ నష్టం ముదరవచ్చు. ఏది తక్కువో తెలుసుకుని, దాన్ని ఇవ్వడమే సరైన పద్ధతి.

బయోటిన్ అనే విటమిన్ మాత్రల గురించి కూడా ఒక మాట. జుట్టు కోసమని పెద్దలు వాడే ఈ మాత్రలనే పిల్లలకూ విరిచి ఇస్తున్నవారు ఉన్నారు. పిల్లల్లో బయోటిన్ లోపం చాలా అరుదు. పైగా రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని పద్ధతుల్లో చేసే థైరాయిడ్ పరీక్షల ఫలితాలు తారుమారవుతాయి. ఇప్పటికే ఇస్తూ ఉంటే ఆ సంగతి డాక్టరుకు, లాబొరేటరీ వారికి చెప్పండి. జింకు సిరప్ కూడా అంతే. విరేచనాలకు పద్నాలుగు రోజులు ఇవ్వడం వేరు, నెలల తరబడి ఇస్తూ పోవడం వేరు. ఎక్కువ కాలం ఎక్కువ మోతాదులో ఇచ్చిన జింకు శరీరంలో రాగిని తగ్గిస్తుంది, అంటే మనం కాపాడాలనుకున్న రంగుకే చేటు చేస్తుంది.

ఇక మీరు ఆత్రంగా అడిగిన చివరి ప్రశ్న, మళ్లీ నల్లబడతాయా అన్నది. కారణం లోపమే అయితే, అది తీరిన తరువాత కొత్తగా వచ్చే వెంట్రుకలు నల్లగా రావడం ఉంది. కొన్నిటికి చివర తెల్లగా, కుదురు వైపు నల్లగా రెండు రంగులు కనిపిస్తాయి. అది మంచి గుర్తు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కనుక కనీసం ఆరు నెలలు ఆగి చూడాలి. కారణం వంశమే అయితే నలుపును తిరిగి తెచ్చే మందు ఈనాటికీ లేదు. ఆ మాట చెప్పడం కష్టమే, కానీ లేని ఆశ చూపి మీ చేత సీసాలకు సీసాలు కొనిపించడం ఇంకా పెద్ద తప్పు.

పాలు తాగని పిల్లకు పాలే తాగించాలని పంతం పట్టనవసరం లేదు. గడ్డ పెరుగు, పచ్చి పులుసు తిన్న తరువాత పెరుగన్నం, చల్ల పోసిన మక్క గట్క, పన్నీరు, ఇవన్నీ పాల కిందికే వస్తాయి. ఇంట్లో పెద్దలు ఒప్పుకుంటే గుడ్డు మరింత తేలిక దారి. ఒప్పుకోకపోతే వారిని నొప్పించవలసిన పని లేదు. డాక్టరు సూచించిన బి12 చుక్కలో, మాత్రలో, ఇంజెక్షన్లో ఆ లోటును తీరుస్తాయి. ఇనుము కోసం తోటకూర, గంగవాయిలి కూర, పల్లీల ముద్ద, నువ్వులు, ఉలవలు వాడండి. పైన నిమ్మరసమో, ఉసిరికాయ తొక్కో ఉంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే మాత్రం ఆ ఇనుము చాలావరకు వృథా అవుతుంది. ఏడేళ్ల పిల్లకు చాయ్, టోస్టు పొద్దుటి తిండిగా పెట్టే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. అది మీ ఇంట్లోనూ ఉంటే ఈ రోజే మాన్పించండి.

ప్రశ్న: నేను నాయనమ్మను, జగిత్యాల దగ్గరి పల్లెలో ఉంటాను. నా మనుమడికి ఐదేళ్లు. తెల్ల వెంట్రుకలు పీకితే ఒకటికి పది వస్తాయని అంటారు, నిజమేనా? వేములవాడ రాజన్నకు మళ్లీ ఒకసారి పుట్టువెంట్రుకల లాగా గుండు చేయిస్తే నల్లగా వస్తాయని చుట్టాలు చెప్పారు. గుంటగలగరాకు, కల్యామాకు వేసి కాచిన నూనె రాస్తున్నాను. ఇంకా ఏమి చేయాలి?

జవాబు: అమ్మా, ఒకటి పీకితే పది రావడం జరగదు. ఒక్కో కుదురుకు ఒక్కో వెంట్రుక; ఒక దాన్ని పీకితే పక్క కుదురుకు తెలుపు అంటుకోదు. పది వచ్చినట్టు ఎందుకు కనిపిస్తుందంటే, నెరవడం ఎలాగూ కొనసాగుతూ ఉంటుంది, పీకిన రోజు నుంచి మనం లెక్క పెట్టడం మొదలుపెడతాం. అయినా పీకవద్దు అనే మీ పెద్దల మాట మంచిదే. పీకినచోట చీము పట్టవచ్చు, మళ్లీ మళ్లీ పీకితే ఆ కుదురు శాశ్వతంగా చెడిపోవచ్చు. మరీ కనిపిస్తున్న వెంట్రుక ఉంటే కత్తెరతో మొదటికి కత్తిరించండి.

గుండు సంగతీ ఇంతే. రంగు తయారయ్యే కుదురు చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. కత్తి అక్కడికి వెళ్లదు. గుండు తరువాత వచ్చే జుట్టు మొదట్లో మొద్దుగా, పొట్టిగా ఉండడం వల్ల నల్లగా, ఒత్తుగా కనిపిస్తుంది, నాలుగు నెలలు గడిస్తే తెల్లవి మళ్లీ తెల్లగానే కనబడతాయి. రాజన్నకు మొక్కు ఉంటే మొక్కు కోసం చేయించండి, కొత్త బ్లేడు వేయించండి. తెల్ల వెంట్రుకలకు మందుగా మాత్రం భావించవద్దు.

మీరు కాచే నూనె వల్ల చెడు లేదు. తలకు నూనె పట్టించి, వేళ్లతో మెల్లగా రుద్ది, దగ్గర కూర్చోబెట్టుకుని దువ్వే నాయనమ్మ చేయి బిడ్డకు ఎంతో మంచిదని నేను నమ్ముతాను. వెంట్రుక మెరుస్తుంది, చిక్కు పడదు. నెరిసిన దాన్ని నల్లబరుస్తుందని మాత్రం రుజువు లేదు. కల్యామాకును నూనెలో కన్నా కారప్పొడిలో వేసి తినిపిస్తే ఇంకా మేలు. మైదాకు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి: జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలుంటారు, అలాంటి పసివారికి మైదాకు ఒంటికి బాగా పట్టిస్తే ఎర్రకణాలు విచ్ఛిన్నమై కామెర్లు రావచ్చు. కాబట్టి పసిపిల్లల తలకు మైదాకు పెట్టకండి.

ఇంకో చిన్న సంగతి. ఐదేళ్ల వాడి తలలో తెల్లగా కనిపించేవన్నీ నెరిసిన వెంట్రుకలు కావు. పేను గుడ్లు వెంట్రుకకు అతుక్కుని దూరానికి తెల్లగా కనిపిస్తాయి, చుండ్రు పొట్టూ అలాగే ఉంటుంది. పొట్టు రాలుతుంది, గుడ్డు వెంట్రుక మీద గట్టిగా పట్టుకుని ఉంటుంది, నెరిసినది కుదురు నుంచే తెలుపు. ఎండలో ఒకసారి చూసి తేల్చుకోండి.

ప్రశ్న: మాది నర్సంపేట మండలం. మా బాబుకు రెండు నెలలు నిండాయి. పుట్టినప్పుడే నుదుటి పైన ఒక పాయ తెల్లగా ఉంది. ఒక కన్ను నల్లగా, ఒక కన్ను నీలంగా కనిపిస్తోంది. ఊళ్లో కొందరు అదృష్టమంటున్నారు, కొందరు కీడంటున్నారు. మందు ఏమైనా ఉందా?

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగకుండా, అందిన రోజే విడిగా రాశాను. ఇలాంటి బిడ్డలు ఉన్న మిగిలిన కుటుంబాల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. మీ బాబుకు అన్నిటికన్నా ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. ఇందులో ఆలస్యం వద్దు.

నుదుటి పైన పుట్టుకతో వచ్చిన తెల్ల పాయ, రెండు కళ్లకు రెండు రంగులు కలిసి ఉంటే వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అనే జన్యుస్థితిని అనుమానిస్తాం. 1951లో నెదర్లాండ్స్‌కు చెందిన కంటి వైద్యుడు వార్డెన్‌బర్గ్ దీన్ని వివరించారు. జుట్టుకు రంగునిచ్చే మెలనోసైట్లు లోపలి చెవిలో కూడా ఉంటాయి, శబ్దం నాడికి చేరడానికి అక్కడ అవి అవసరం. పిండంలో ఆ కణాలు తమ చోటికి చేరకపోతే జుట్టులో పాయ తెల్లబడుతుంది, కంట్లో రంగు మారుతుంది, కొందరిలో చెవి వినబడదు. అందరు పిల్లలకూ చెవుడు ఉండదు. కానీ ఉన్నదీ లేనిదీ రెండు నెలల బిడ్డను చూసి ఇంట్లో తేల్చలేము. చప్పట్లు కొట్టినప్పుడో, గాలికి తలుపు చప్పుడైనప్పుడో బిడ్డ ఉలిక్కిపడడం పరీక్ష కాదు. ఓఏఈ, బెరా అనే పరీక్షలు నొప్పి లేనివి, బిడ్డ నిద్రపోతుండగానే చేస్తారు.

వినికిడి లోపాన్ని మూడు నెలల లోపు గుర్తించి, ఆరు నెలల లోపు సాయం మొదలుపెట్టాలన్నది వైద్యులు పెట్టుకున్న లక్ష్యం. మాట నేర్చే మెదడు భాగానికి ఆ వయసులోనే శబ్దం అందాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల విభాగానికి, చెవి ముక్కు గొంతు విభాగానికి చూపించండి. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చెప్పినా వారు పై ఆసుపత్రికి పంపుతారు. 2013లో మొదలైన ఈ కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు వర్తిస్తుంది. వినికిడి బాగుందని తేలితే తెల్ల పాయకు మందు అవసరం లేదు. అది అదృష్టమూ కాదు, కీడూ కాదు. మీ ఇంట్లో ముందు తరాల్లో ఎవరికైనా ఇలాంటి పాయ, చిన్ననాటి చెవుడు ఉన్నాయేమో పెద్దలను అడిగి రాసుకుని డాక్టరుకు చూపించండి.

పాయతో పాటు నుదుటి మీద, పొట్ట మీద, కాళ్ల మీద పుట్టుకతో తెల్ల మచ్చలుండి, కళ్లు, వినికిడి మామూలుగా ఉంటే అది పైబాల్డిజం అనే మరొక స్థితి. దానితో ప్రాణభయం లేదు. అంతకన్నా అరుదుగా, తల అంతా వెండి రంగులో మెరిసే బిడ్డలు పుడతారు. మేనరికాలు తరతరాలుగా సాగిన కుటుంబాల్లో ఇలాంటివి కనిపించే అవకాశం ఎక్కువ. అలాంటి బిడ్డకు తరచూ జ్వరాలు, చీము గడ్డలు, న్యుమోనియా వస్తూ ఉంటే రోగనిరోధక శక్తిలోనే లోపం ఉండవచ్చు. ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రశ్న: మహబూబాబాద్ జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా బడిలో కొందరు పిల్లల జుట్టు తెల్లగా కాదు గాని, ఎర్రగా, పీచులాగా మారింది. ఇది కూడా బాలనెరుపేనా?

జవాబు: కాదు, కానీ పట్టించుకోవలసిన విషయమే. ఎండలో తిరిగే పిల్లల జుట్టు కొసలు కొంత ఎర్రబారడం సహజం. కుదుళ్ల నుంచే రంగు తేలి, వెంట్రుక సన్నబడి, లాగితే తేలికగా ఊడివస్తూ ఉంటే అది మాంసకృత్తుల లోపానికి గుర్తు. కొంతకాలం సరిగా తిని, కొంతకాలం తినని బిడ్డ జుట్టులో ముదురు పట్టీ, లేత పట్టీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పని కోసం వలస వెళ్లి వచ్చిన కుటుంబాల పిల్లల్లో ఈ పట్టీలను చూస్తే ఆ ఏడాదిలో బిడ్డ ఏ నెలల్లో సరిగా తినలేదో జుట్టే చెబుతుంది.

మీరు చేయగలిగినది చాలా ఉంది. బడి భోజనంలో ఇచ్చే గుడ్డును ఆ పిల్లలు నిజంగా తింటున్నారా, ఇంటికి చెల్లెలి కోసం దాచుకుపోతున్నారా చూడండి. దాచుకుపోతూ ఉంటే తిట్టవద్దు. ఆ చెల్లెలిని అంగన్‌వాడీలో చేర్చారో లేదో తెలుసుకోండి, ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అక్కడ బాలామృతం ఇస్తారు. నులిపురుగుల నివారణ దినాలలో ఆల్బెండజోల్ మాత్రను మీ ఎదుటే నమిలించండి. కొంకి పురుగులు పేగులో రక్తం పీల్చి ఇనుమును హరిస్తాయి. బియ్యంలో కొన్ని గింజలు వేరుగా కనిపిస్తే 'ప్లాస్టిక్ బియ్యం' అని వంట చేసేవారు ఏరి పారేయడం నా దృష్టికి వచ్చింది. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారు చేసిన బలవర్ధక గింజలు. నూరు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. వాటితోనే లోపం మొత్తం తీరదు గాని, ఏరి పారేయడం మాత్రం అన్యాయం. పాదాల వాపు, మొఖం ఉబ్బు, ఆటలాడకుండా మూలన కూర్చోవడం కనిపించిన బిడ్డను ఆ రోజే ఆసుపత్రికి పంపించండి.

ప్రశ్న: మాది కరీంనగర్. మా బాబుకు పదకొండేళ్లు. ఆరో తరగతి. తల ముందు భాగమంతా తెల్లబడింది. పరీక్షలన్నీ చేయించాం, లోపం ఏదీ లేదని, వంశం వల్లేనని డాక్టరు చెప్పారు. బడిలో 'ముసలోడా' అని పిలుస్తున్నారట. నెల నుంచి టోపీ లేకుండా బయటికి రావడం లేదు. నల్ల రంగు వేయవచ్చా? సెల్‌ఫోన్ చూడడం వల్ల ఇలా జరిగిందని వాళ్ల బాపు రోజూ కోప్పడుతున్నారు.

జవాబు: మొదట ఆ కోపం ఆగాలి. సెల్‌ఫోన్ వెలుతురు వల్ల జుట్టు నెరుస్తుందనడానికి ఆధారం లేదు. ఫోన్ తగ్గించడానికి కళ్లు, నిద్ర, చదువు అనే మంచి కారణాలు చాలానే ఉన్నాయి, వాటిని చెప్పండి. తన జుట్టు తెల్లబడడానికి తానే కారణమని పదకొండేళ్ల పిల్లవాడు నమ్మితే ఆ భారం వాడు మోయలేడు. మీ ఇంట్లో ఎవరైనా బీడీగానీ సిగరెట్‌గానీ తాగుతూ ఉంటే మాత్రం ఆ మాట ఎత్తవచ్చు. పొగ తాగేవారిలో జుట్టు ముందుగా నెరవడాన్ని అనేక పరిశీలనల్లో చూశారు, ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు ఎలాగూ మంచిది కాదు.

మానసిక ఒత్తిడికీ నెరవడానికీ సంబంధం ఉందా అని కూడా చాలామంది అడుగుతారు. 2020లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, తీవ్రమైన ఒత్తిడి సమయంలో నరాల చివరల నుంచి వెలువడే నోరెపినెఫ్రిన్ అనే రసాయనం వల్ల రంగు కణాలకు మూలమైన కణాల నిల్వ తరిగిపోయినట్టు కనిపించింది. ఎలుకల్లో కనిపించినది పిల్లల్లో అంతే జరుగుతుందని చెప్పలేము. అయినా రోజూ వెక్కిరింపుల మధ్య బతకడం ఏ బిడ్డకైనా చెరుపే, అందుకు వేరే రుజువు అక్కరలేదు.

రంగు వేయవద్దని నా గట్టి సలహా. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. 'నల్ల మైదాకు' పేరుతో అమ్మేవాటిలోనూ అదే కలుపుతారు. ఒట్టి మైదాకు ఎప్పుడూ ఎర్రగానే పండుతుంది, నల్లగా పండిందంటే అందులో వేరేది ఉందన్నమాట. పీపీడీ వల్ల నెత్తిమీద దద్దుర్లు, బొబ్బలు, కళ్ల చుట్టూ వాపు రావచ్చు. ఒకసారి పడని గుణం ఏర్పడితే జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక రంగు వేసుకోవాలన్నా వీలుండదు. పదిహేను, పదహారేళ్లు దాటాక తానే కోరుకుంటే, చర్మ వైద్యుల సలహాతో పీపీడీ లేనిది ఎంచుకుని, ముందు చెవి వెనుక చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూసి వాడుకోవచ్చు.

ఇదే సందర్భంలో అన్ని ఇళ్లకూ ఒక హెచ్చరిక. పెద్దలు వాడే జుట్టు రంగు పొట్లాలను, సీసాలను పిల్లల చేతికి అందనిచోట తాళం వేసి పెట్టండి. పీపీడీ ఉన్న రంగు కడుపులోకి వెళితే గంటల్లోనే మెడ, గొంతు వాచి ఊపిరి ఆడదు, కండరాలు కరిగి మూత్రం నల్లబడి కిడ్నీలు ఆగిపోతాయి. విరుగుడు మందు లేదు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

బడి విషయంలో మీరు, ఆయన ఇద్దరూ కలిసి తరగతి ఉపాధ్యాయుడిని కలవండి. బాబు ఎదుట కాకుండా విడిగా మాట్లాడండి. వెక్కిరించిన పిల్లలను అందరిలో నిలబెట్టి శిక్షిస్తే మరునాడు వెక్కిరింపు రెట్టింపవుతుంది. దానికి బదులు సైన్సు పాఠంలో చర్మం, వెంట్రుక, రంగు గురించి మామూలుగా ఒక రోజు చెప్పమనండి. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ ఎక్కువ రోజులు వింతగా చూడరు. జుట్టును బాగా పొట్టిగా కత్తిరిస్తే తెలుపు నలుపు కలిసిపోయి అంతగా కొట్టొచ్చినట్టు ఉండదు. క్షౌరశాలకు వెళ్లే ముందే అక్కడ పనిచేసే అన్నకు చెప్పి ఉంచండి, 'ఏంది బిడ్డా, ఇంత చిన్నప్పుడే తెల్లగయినయ్' అని అందరి ముందూ అనకుండా. ఇంట్లో రోజూ వెంట్రుకలు లెక్కపెట్టడం, పండుగకు వచ్చిన చుట్టాల ముందు తల వంచి చూపించడం మానండి. మీరు ఫొటో తీసి పెట్టుకోవాలనుకుంటే ఆరు నెలలకు ఒకటి చాలు. వంశం వల్ల అని తేలినా, ఏడాదికోసారి థైరాయిడ్, రక్తం పరీక్ష మళ్లీ చేయించండి. ఎక్కడైనా గుండ్రంగా జుట్టు ఊడి పేనుకొరుకుడు వచ్చినా, చర్మం మీద తెల్ల మచ్చ మొదలైనా అప్పుడే చూపించండి, ఎందుకంటే థైరాయిడ్ జబ్బు, పేనుకొరుకుడు, తెల్ల మచ్చలు, ఈ మూడూ ఒకే బిడ్డలో కలిసి రావడం ఉంది.

ఉత్తరం చివర మీ బాబు తన చేతిరాతతో ఒక వరుస రాశాడు: 'డాక్టర్ గారూ, నాకు ముసలితనం ముందే వచ్చిందా?' వాడికి ఇది చదివి వినిపించండి. లేదు నాన్నా. ముసలితనం అంటే ఎముకలు, గుండె, కండరాలు, కళ్లు అరిగిపోవడం. నీవి అన్నీ పదకొండేళ్లవే, పరీక్షల్లో అలాగే ఉన్నాయి. నీ తలలో సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి, వాటిలో కొన్నిటికి రంగు వేసే కణాలు మాత్రం పని ముందే ఆపేశాయి. పరుగెత్తడానికి, ఈత కొట్టడానికి, లెక్కలు చేయడానికి ఆ కణాలతో పని లేదు. టోపీ నీకు ఎండకు కావాలంటే పెట్టుకో, వద్దనిపించిన రోజు తీసెయ్యి.